ర్యాంకుల నుంచి జతల మాత్రిక: ఖాళీ గడి దగ్గరే అసలు లెక్క

కొందరు మనుషులు కొన్ని వస్తువులకి ర్యాంకులు ఇస్తారు, ఆ ర్యాంకుల్ని "ఏది దేన్ని ఎన్నిసార్లు ఓడించింది" అని చెప్పే చదరపు పట్టికగా, అంటే జతల మాత్రికగా మార్చాలి. ఏ స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో చూసినా ఇది రెండు మూడు లైన్ల కోడ్. అందుకే దీని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు, మాత్రిక తయారయ్యాక దాని మీద నడిపే మోడల్ గురించే చర్చంతా జరుగుతుంది. కానీ ఫలితాన్ని తారుమారు చేసే నిర్ణయాలు చాలావరకు ఆ రెండు మూడు లైన్లలోనే ఉంటాయి, వాటిని మనం తీసుకోకపోతే సాఫ్ట్‌వేర్ తనంతట తానే తీసుకుంటుంది, పైగా ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కోలా తీసుకుంటుంది.

ముందు లెక్కని చేత్తో చేసి చూద్దాం. ఉదాహరణ కోసం కల్పించిన చిన్న డేటా ఇది: ఐదుగురు మనుషులు, నాలుగు మామిడి రకాలు. మొదటి మనిషి వరుస బంగినపల్లి, చిన్నరసం, హిమాయత్, సువర్ణరేఖ. రెండో మనిషిది బంగినపల్లి, హిమాయత్, చిన్నరసం, సువర్ణరేఖ. మూడో మనిషికి చిన్నరసం ముందు, తర్వాత బంగినపల్లి, హిమాయత్, సువర్ణరేఖ. నాలుగో మనిషి హిమాయత్‌ని మొదట పెట్టి చిన్నరసం, బంగినపల్లి, సువర్ణరేఖ అన్నాడు. ఐదో మనిషి మాత్రం సువర్ణరేఖతో మొదలుపెట్టి చిన్నరసం, బంగినపల్లి, హిమాయత్ అని ముగించాడు. అడ్డువరుసలో ఉన్న రకం నిలువువరుసలో ఉన్న రకం కంటే ఎంతమందికి ఎక్కువ నచ్చిందో గడిలో రాస్తే ఇలా వస్తుంది:

| | బంగినపల్లి | చిన్నరసం | హిమాయత్ | సువర్ణరేఖ |
|---|---|---|---|---|
| బంగినపల్లి | – | 2 | 4 | 4 |
| చిన్నరసం | 3 | – | 3 | 4 |
| హిమాయత్ | 1 | 2 | – | 4 |
| సువర్ణరేఖ | 1 | 1 | 1 | – |

ఇంత చిన్న పట్టికలోనే చూడాల్సింది చాలా ఉంది. మొదటి ర్యాంకులు లెక్కపెడితే బంగినపల్లికి రెండు, మిగతా మూడింటికీ ఒక్కొక్కటి, కాబట్టి బంగినపల్లి గెలిచింది. సగటు ర్యాంకు తీస్తే బంగినపల్లికీ చిన్నరసానికీ ఇద్దరికీ సరిగ్గా 2, అంటే సమానం. జతలుగా చూస్తే చిన్నరసం మిగతా మూడింటినీ విడివిడిగా ఓడించింది, బంగినపల్లిని 3–2 తేడాతో. ఒకే డేటాకి మూడు ప్రశ్నలు వేస్తే మూడు జవాబులు వచ్చాయి. దేన్నైనా ఎదురెదురు పోటీలో ఓడించగలిగేదే విజేత అనే ఆలోచన ఫ్రాన్స్‌కి చెందిన కాండోర్సే 1785లో రాసిన వ్యాసంతో గట్టిగా నిలబడింది. అతని సమకాలికుడు బోర్డా 1770లో ప్రతిపాదించిన పాయింట్ల పద్ధతి కూడా ఇదే మాత్రికలో దాగి ఉంది: ఒక అడ్డువరుసలోని అంకెలన్నీ కూడితే వచ్చేది బోర్డా స్కోరే. బంగినపల్లికి 10, చిన్నరసానికి 10, హిమాయత్‌కి 7, సువర్ణరేఖకి 3. మొత్తం 30. ఐదుగురు, ఒక్కొక్కరి దగ్గర ఆరు జతలు, ఐదారులు ముప్పై. ఈ మొత్తం సరిపోవడం ఎంత చిన్న విషయంగా కనిపించినా, మాత్రిక సరిగ్గా వచ్చిందో లేదో చెప్పే మొదటి పరీక్ష అదే. రెండో పరీక్ష, మాత్రికని దాని ట్రాన్స్‌పోజ్‌తో (అడ్డువరుసల్ని నిలువువరుసలుగా తిప్పిన రూపంతో) కూడితే వికర్ణం (గీతలు పెట్టిన గడులు) తప్ప ప్రతి గడిలోనూ 5 రావాలి, ఎందుకంటే ప్రతి జతనీ ఐదుగురూ పోల్చారు. రాకపోతే ఎక్కడో ఖాళీలు గానీ టైలు (రెండింటికి ఒకే ర్యాంకు) గానీ ఉన్నాయన్నమాట.

కోడ్ విషయానికొస్తే ఆలోచన అన్నిచోట్లా ఒక్కటే. ఒక మనిషి ర్యాంకుల వరుసని తీసుకుని, దాన్ని దానితోనే ప్రతి జతకీ "కంటే తక్కువా" అని పోల్చితే నిజం–అబద్ధాల చదరం వస్తుంది, మనుషులందరి చదరాల్నీ కూడితే మాత్రిక వస్తుంది. ఆర్ అనే స్టాటిస్టిక్స్ భాషలో దీనికి ఔటర్ అనే ఫంక్షన్ ఉంది, దానికి ర్యాంకుల వరుసని రెండుసార్లు ఇచ్చి మధ్యలో "తక్కువ" గుర్తు పెడితే చాలు, ఆ తర్వాత రెడ్యూస్‌తో కూడాలి. పైథాన్‌లో నంపై అనే లెక్కల లైబ్రరీ వాడేవాళ్లు అదే వరుసని ఒకసారి నిలువుగా ఒకసారి అడ్డంగా నిలబెట్టి పోల్చేస్తారు. డేటా పొడుగు రూపంలో, అంటే ఒక్కో లైన్‌లో మనిషి, వస్తువు, ర్యాంకు అని ఉంటే, డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్‌లో ఆ టేబుల్‌ని దానితోనే మనిషి ఐడీ మీద జాయిన్ చేసి ఎడమ ర్యాంకు కుడి ర్యాంకు కంటే చిన్నదిగా ఉన్న లైన్లు లెక్కపెట్టాలి. స్టాటా అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో జాయిన్‌బై అనే కమాండ్ సరిగ్గా ఈ పనికే ఉన్నట్టుంటుంది, కాకపోతే రెండో కాపీలో కాలమ్ పేర్లు మార్చడం మర్చిపోతే వస్తువు తనతోనే పోల్చుకుని కూర్చుంటుంది. ఎక్సెల్‌లో రెండు కాలమ్‌ల మధ్య పోలికని సమ్‌ప్రొడక్ట్‌లో పెడితే ఒక గడి నిండుతుంది. నాలుగు వస్తువులకి పన్నెండు గడులే కాబట్టి ఫర్వాలేదు, ఇరవై వస్తువులుంటే 380 గడులు అవుతాయి, అప్పుడు ఎక్సెల్ మానేయడమే మంచిది.

రెడీమేడ్ ప్యాకేజీలు కూడా ఉన్నాయి. ఆర్‌లో ప్లాకెట్‌లూస్ ప్యాకేజీ ర్యాంకుల్ని ఒక ప్రత్యేక రూపంలో దాచుకుని, అడ్జసెన్సీ అనే ఫంక్షన్‌తో గెలుపుల మాత్రిక ఇస్తుంది. బ్రాడ్లీటెర్రీ2 ప్యాకేజీలో, మాత్రిక చేతిలో ఉంటే దాన్ని "ఒకటో ఆటగాడు, రెండో ఆటగాడు, ఒకటో వాడి గెలుపులు, రెండో వాడి గెలుపులు" అనే నాలుగు కాలమ్‌లుగా విడదీసే ఫంక్షన్ ఉంది. పైథాన్‌లో చాయిక్స్ అనే లైబ్రరీ జతలతోనూ నడుస్తుంది, పూర్తి ర్యాంకులతోనూ నడుస్తుంది. ఒక్క జాగ్రత్త: గెలిచినవాడు అడ్డువరుసలో ఉన్నాడా నిలువువరుసలో ఉన్నాడా అన్నది అన్నిచోట్లా ఒకేలా ఉండదు. తిరగేసి ఇస్తే ఏ సాఫ్ట్‌వేరూ ఎర్రర్ ఇవ్వదు, చివరిది మొదటిదై చక్కగా ఫలితం వచ్చేస్తుంది.

అంతకంటే ముందే జరిగే ఇంకో తప్పు ఉంది, ఇది పట్టుకోవడం మరీ కష్టం. డేటాలో ఒక లైన్ "2, 3, 1" అని ఉంది. దీన్ని రెండు రకాలుగా చదవచ్చు. మొదటి వస్తువుకి రెండో ర్యాంకు, రెండో దానికి మూడు, మూడో దానికి ఒకటి అనేది ఒక రకం. మొదటి స్థానంలో రెండో వస్తువు, రెండో స్థానంలో మూడో వస్తువు, చివర్లో మొదటి వస్తువు అనేది ఇంకో రకం. మొదటి రకం చదువులో మూడో వస్తువు గెలిచింది, రెండో రకంలో రెండో వస్తువు గెలిచింది. ఉన్న మూడు జతల్లో రెండు తిరగబడతాయి. సర్వే ఫారాల్లో రెండు పద్ధతులూ ఉంటాయి: కొన్ని ప్రతి పేరు పక్కనా నంబరు వేయమంటాయి, కొన్ని పేర్లని పైనుంచి కిందకి లాగి పేర్చమంటాయి. ఎక్స్‌పోర్ట్ అయ్యాక రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఇది ఎందుకు దొరకదంటే, కొన్ని వరుసలు రెండు రకాలుగా చదివినా ఒక్కటే. "1, 3, 2" అనేది ఎలా చదివినా అదే అర్థం. మూడు వస్తువులకి ఉండే ఆరు వరుసల్లో నాలుగు ఇలాంటివే, తేడా వచ్చేవి రెండే. కాబట్టి మూడు వస్తువులు పెట్టి నాలుగు లైన్లతో కోడ్‌ని పరీక్షించి "సరిగ్గానే ఉంది" అనుకోవడానికి అవకాశం చాలా ఎక్కువ. నాలుగు వస్తువులైతే 24లో 10 ఇలాంటివి, ఐదైతే 120లో 26. అంటే వస్తువులు పెరిగేకొద్దీ తప్పు బయటపడే అవకాశం పెరుగుతుంది, కానీ అప్పటికి కోడ్ మీద నమ్మకం కుదిరిపోయి ఎవరూ చూడరు. పరీక్ష చేసేటప్పుడు "2, 3, 1" లాంటి లైన్ తప్పకుండా పెట్టాలి. ప్లాకెట్‌లూస్ ప్యాకేజీలో ఇచ్చేది ర్యాంకులా, వరుసలా అని చెప్పడానికి ఒక ఆర్గ్యుమెంట్ ఉంది. ఏమీ చెప్పకపోతే ర్యాంకులే అనుకుంటుంది.

ఇక ఖాళీ గడుల సంగతి. పైన చెప్పిన ఐదో మనిషి సువర్ణరేఖకి 1, చిన్నరసానికి 2 రాసి మిగతా రెండూ ఖాళీగా వదిలేశాడనుకోండి. మిగతా నలుగురిలో బంగినపల్లికీ చిన్నరసానికీ పోటీ 2–2 దగ్గర ఉంది, అంటే ఐదో మనిషే తేల్చాలి. అతని దగ్గర చిన్నరసం ర్యాంకు 2, బంగినపల్లి ర్యాంకు ఖాళీ. ఇప్పుడు అదే ఫైలుని, అదే "కంటే తక్కువా" అనే పోలికని వేర్వేరు సాఫ్ట్‌వేర్లలో నడిపి చూస్తే ఏమవుతుంది?

ఆర్‌లో ఖాళీతో పోలిస్తే జవాబూ ఖాళీయే, కాబట్టి కూడితే ఆ గడిలో అంకె రాదు. కనీసం ఏదో తేడా ఉందని తెలుస్తుంది. చాలామంది వెంటనే ఖాళీల్ని వదిలేసి కూడమని ఆప్షన్ పెడతారు, అప్పుడు 2–2 వస్తుంది. పైథాన్‌లో ఖాళీ విలువని దేనితో పోల్చినా "అబద్ధం" అనే వస్తుంది, అటు నుంచి చూసినా అబద్ధం, ఇటు నుంచి చూసినా అబద్ధం, కాబట్టి ఏ హెచ్చరికా లేకుండా 2–2. ఎస్‌క్యూఎల్‌లోనూ ఆ లైన్లు మాయమై 2–2. స్టాటాలో మాత్రం ఖాళీ విలువ ఏ అంకె కంటే అయినా పెద్దది. కాబట్టి ర్యాంకు లేని బంగినపల్లి చివరికి వెళ్లిపోతుంది, చిన్నరసం 3–2తో గెలుస్తుంది. సాస్ అనే ఇంకో స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో సరిగ్గా దీనికి వ్యతిరేకం, అక్కడ ఖాళీ విలువ ఏ అంకె కంటే అయినా చిన్నది. ఆ మనిషి పేరే ఎత్తని బంగినపల్లి అతనికి మొదటి ర్యాంకు అయిపోతుంది, 3–2తో బంగినపల్లి గెలుపు. ఎక్సెల్ కూడా ఖాళీ గడిని సున్నాగా చూస్తుంది, సున్నా రెండు కంటే తక్కువ, కాబట్టి అక్కడా బంగినపల్లే.

ఒకే ఫైలు, ఒకే లెక్క, మూడు ఫలితాలు. ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ బగ్ లేదు, ప్రతిదీ తన డాక్యుమెంటేషన్‌లో రాసుకున్నట్టే ప్రవర్తించింది. డేటా ఇచ్చిన మనిషి ఉద్దేశం ఏమిటో మాత్రం వాటిలో ఏదీ అడగలేదు. పైన చెప్పిన రెండో పరీక్ష, అంటే ట్రాన్స్‌పోజ్‌తో కూడి మొత్తం మనుషుల సంఖ్య వస్తుందా అని చూడటం, ఇక్కడ సగమే పనికొస్తుంది: పైథాన్‌లో 4 వచ్చి బయటపడుతుంది, స్టాటాలోనూ సాస్‌లోనూ ఆ జతకి చక్కగా 5 వచ్చి తప్పు కప్పబడిపోతుంది. బంగినపల్లి–హిమాయత్ జతలో మాత్రం రెండూ ఖాళీలే కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్‌లో అయినా 5 రాదు, జాగ్రత్తగా చూసేవాళ్లకి అక్కడ దొరుకుతుంది.

మరి ఖాళీని ఎలా చూడాలి? దీనికి సాఫ్ట్‌వేర్‌లో జవాబు లేదు, డేటా ఎలా పుట్టిందన్న దానిలోనే ఉంది. రెండు నిజమైన సందర్భాలు పక్కపక్కన పెడితే విషయం స్పష్టమవుతుంది.

మొదటిది 1969 ఆగస్టు నాటి రాష్ట్రపతి ఎన్నిక. తెలుగువాళ్లకి బాగా గుర్తుండే ఎన్నిక ఇది. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి అనంతపురం జిల్లాకి చెందిన నీలం సంజీవరెడ్డి, ఎదురుగా స్వతంత్ర అభ్యర్థిగా బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టిన వి.వి. గిరి, ఇందిరాగాంధీ "అంతరాత్మ ప్రబోధం" పిలుపు, మూడో ప్రధాన అభ్యర్థిగా సి.డి. దేశ్‌ముఖ్. రాష్ట్రపతి ఎన్నికలో ఓటు అంటే ర్యాంకులే: ఓటరు 1, 2, 3 అని ప్రాధాన్యాలు రాస్తాడు, ఇష్టమైతే ఒక్కరికే రాసి వదిలేయవచ్చు. మొదటి ప్రాధాన్య ఓట్ల విలువ గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కి 1,12,769. గెలవడానికి కావాల్సింది 4,18,169. ఎవరికీ రాలేదు కాబట్టి కింద ఉన్నవాళ్లని ఒక్కొక్కరినీ తప్పిస్తూ వాళ్ల బ్యాలెట్లలోని తర్వాతి ప్రాధాన్యాలు పంచారు. చివరికి గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. పంపకంలో గిరికి కలిసింది 18,562 మాత్రమే, సంజీవరెడ్డికి 91,879 కలిసింది, దాదాపు ఐదింతలు, అయినా సరిపోలేదు.

జతల మాత్రిక కళ్లతో చూస్తే ఆ చివరి రెండు అంకెలు ఏమిటి? మిగతా అందరూ తప్పుకున్నాక ప్రతి బ్యాలెట్టూ ఆ ఇద్దరిలో ఏ పేరు పైన ఉంటే వాళ్లకి చేరింది. అంటే అవి సరిగ్గా గిరి–సంజీవరెడ్డి జత గడులే. మొత్తం చెల్లిన విలువ 8,36,337లో ఇద్దరికీ చేరనిది 10,833, ఆ బ్యాలెట్లలో ఇద్దరి పేర్లకీ అంకె లేదు. ఇక్కడ ఖాళీకి చట్టమే అర్థం చెప్పింది: గిరికి 1 వేసి మిగతావి ఖాళీగా వదిలితే గిరి మిగతా అందరి కంటే ముందున్నట్టే. ఇద్దరూ ఖాళీగా ఉంటే ఆ జతలో లెక్కకి రారు. స్టాటా తనంతట తాను చేసే పని ఇక్కడ యాదృచ్ఛికంగా సరైనదే. సాస్‌లోనో ఎక్సెల్‌లోనో అలాగే నడిపితే మాత్రం ఒక్కరికే ఓటేసిన ప్రతివాడూ ఆ ఒక్కరినీ చివర్లో పెట్టినట్టవుతుంది.

ఇంకో సంగతి కూడా ఈ ఎన్నికలో ఉంది. గిరి, రెడ్డి, దేశ్‌ముఖ్‌ల మూడు జతల్లో లెక్కింపు బయటపెట్టింది ఒక్కటే. గిరికి మొదటి ప్రాధాన్యం ఇచ్చినవాళ్ల రెండో అంకె ఎవరికుందో లెక్కింపులో చూడాల్సిన అవసరమే రాలేదు, ఎందుకంటే గిరిని తప్పించలేదు. మొదటి ప్రాధాన్యాల అంకెల్ని బట్టి గిరి–దేశ్‌ముఖ్ గడి గురించి చెప్పగలిగింది, గిరికి కనీసం 4,01,515 ఉంది, దేశ్‌ముఖ్‌కి గరిష్ఠంగా 4,34,822 ఉండొచ్చు అన్నంత వరకే. అంటే ఆ జత తేలలేదు. ఓటర్లు పూర్తి ర్యాంకులు రాసినా లెక్కించే పద్ధతి కొన్ని గడులే నింపుతుంది. ఇలాంటి ఫలితాల పట్టిక ఒక్కటే చేతికిచ్చి మాత్రిక అడిగితే, మిగతా గడులకి అంచనాలు పోసే బదులు ఖాళీగా ఉంచడమే సరైన పని. ఇంకా, ఇక్కడ ఒక్కో ఓటు విలువ ఒక్కోలా ఉంటుంది కాబట్టి మనుషుల చదరాల్ని కూడేటప్పుడు ఒకటి బదులు ఆ విలువతో గుణించి కూడాలి. బరువులున్న ఏ సర్వేకైనా ఇదే పద్ధతి.

రెండో సందర్భం నికరాగ్వా చిక్కుడు గింజలది. ట్రైకాట్ అనే పద్ధతిలో ప్రతి రైతుకీ పది రకాల విత్తనాల్లోంచి ఏవో మూడు ఇస్తారు, పండించాక ఏది బాగుంది, ఏది బాగోలేదు అని రెండే ప్రశ్నలు. మిగిలింది మధ్యది కాబట్టి మూడింటి వరుసా వచ్చేసినట్టే. ఎంత చక్కని ఆలోచన ఇది: రైతుకి పది రకాలు వేసి ర్యాంకులు ఇవ్వమనే భారం లేదు. ఈ డేటా ప్లాకెట్‌లూస్ ప్యాకేజీతో పాటే వస్తుంది, అందులో 842 నమోదులున్నాయి. పది రకాలకి 45 జతలు, ఒక్కో రైతు నుంచి మూడు జతలు, అంటే ఒక్కో జతకి సగటున 56 పోలికలు. ఇక్కడ మిగతా ఏడు రకాలూ ఖాళీ. ఆ ఖాళీకి అర్థం రైతు వాటిని చూడనేలేదని. వాటిని చివరి ర్యాంకుగా తీసుకుంటే ఒక్కో రైతు దగ్గర మూడు నిజమైన పోలికలకి 21 అబద్ధపు పోలికలు చేరతాయి. మొదటి ర్యాంకుగా తీసుకున్నా అంతే, దిశ మారుతుంది. ఆ మాత్రిక చెప్పేది ఏ రకం మంచిదన్నది కాదు, ఏ రకాన్ని ఎంతమందికి పంచారన్నది.

బ్యాలెట్‌లోని ఖాళీ "చూశాను, ఎంచుకోలేదు" అనేది. పొలంలోని ఖాళీ "చూడలేదు" అనేది. ఫైలులో రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే మాత్రిక తయారు చేసే ముందే ఖాళీల్ని మనమే నింపాలి: చూసి వదిలేసినవాటికి చివరి ర్యాంకు (అందరికీ ఒకటే, టై), చూడనివాటికి ఆ పోలికనే తీసేయమని స్పష్టంగా ఒక షరతు. ప్లాకెట్‌లూస్ ప్యాకేజీ సున్నాని "ర్యాంకు ఇవ్వలేదు" అని అర్థం చేసుకుని ఆ వస్తువుని ఆ మనిషి లెక్క నుంచి తప్పిస్తుంది. అదే ఫైలుని మామూలు పోలికకి ఇస్తే సున్నా అందరినీ ఓడించేస్తుంది, కాబట్టి ఒక ప్యాకేజీ కోసం తయారుచేసిన ఫైలుని ఇంకోచోటికి తీసుకెళ్లేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

టైల గురించి క్లుప్తంగా. రెండు వస్తువులకి ఒకే ర్యాంకు ఉంటే "తక్కువ" అనే పోలికలో ఎవరూ గెలవరు. అలా వదిలేయవచ్చు, చెరో సగం ఇవ్వవచ్చు, లేదా డేవిడ్‌సన్ 1970లో ఇచ్చిన పద్ధతిలో టైని మూడో ఫలితంగా మోడల్‌లోనే పెట్టవచ్చు. టైలు తక్కువగా ఉంటే పెద్ద తేడా రాదు. తేడా వచ్చేది స్కోర్లని ర్యాంకులుగా మార్చే దశలో: సమాన స్కోర్లకి సగటు ర్యాంకు ఇచ్చినా, చిన్న ర్యాంకు ఇచ్చినా జతల లెక్క మారదు, కానీ "ముందు వచ్చినదానికి ముందు ర్యాంకు" అనే ఆప్షన్ పెడితే మాత్రం ఫైలులో ముందున్న వస్తువుకి ఉత్తపుణ్యానికి గెలుపులు వచ్చిపడతాయి.

ఇప్పుడు మాత్రిక సరిగ్గా వచ్చిందనుకుందాం. దాని మీద సాధారణంగా నడిపేది బ్రాడ్లీ–టెర్రీ మోడల్. 1952లో బ్రాడ్లీ, టెర్రీ దీన్ని రాసినా, అదే లెక్కని గణితజ్ఞుడు జెర్మెలో 1929లోనే చదరంగం టోర్నమెంట్ల కోసం కట్టాడు. ప్రతి వస్తువుకీ ఒక బలం ఉంటుంది, ఒకటి రెండోదాన్ని గెలిచే అవకాశం దాని బలాన్ని ఇద్దరి బలాల మొత్తంతో భాగిస్తే వచ్చేది. లాజిస్టిక్ రిగ్రెషన్ తెలిసినవాళ్లకి ఇది పాత చుట్టమే. చదరంగంలో ప్రతి ఆటా వేరు, కాబట్టి జతల్ని స్వతంత్రంగా తీసుకోవడంలో పెద్ద ఇబ్బంది లేదు. ర్యాంకుల నుంచి వచ్చిన జతలు అలాంటివి కావు. ఒక మనిషి బంగినపల్లి చిన్నరసం కంటే ముందు, చిన్నరసం హిమాయత్ కంటే ముందు అన్నాక, బంగినపల్లి–హిమాయత్ జత కొత్తగా చెప్పేదేమీ లేదు, అది ముందే తేలిపోయింది. నాలుగు వస్తువుల ఆరు జతలకి స్వేచ్ఛగా ఫలితాలు రాస్తే 64 రకాలుగా రాయొచ్చు, ర్యాంకుల నుంచి రాగలిగేవి వాటిలో 24 మాత్రమే. ఐదు వస్తువులకి 1,024లో 120. సాఫ్ట్‌వేర్‌కి మాత్రం ఇది తెలియదు, ఐదుగురు మనుషుల్ని ముప్పై పరిశీలనలుగా లెక్కేసి, ప్రామాణిక దోషాన్ని (అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే అంకెని) ఉండాల్సిన దానికంటే చిన్నది చేసి, లేని నమ్మకాన్ని చూపిస్తుంది. పది వస్తువులుంటే ఒక్కో మనిషి 45 మందిగా మారిపోతాడు.

ఇది పుస్తకాల్లోని సూక్ష్మం అని కొట్టిపారేయడానికి లేదు. ఓపెన్‌ఏఐ 2022లో ఇన్‌స్ట్రక్ట్‌జీపీటీ అనే భాషా మోడల్ గురించి ప్రచురించిన పత్రంలో సరిగ్గా ఈ సమస్యే ఉంది. ఒక ప్రశ్నకి వచ్చిన 4 నుంచి 9 జవాబులకి మనుషులు ర్యాంకులు ఇచ్చారు, ఆ ర్యాంకుల్ని జతలుగా విడగొట్టి, ఏ జవాబు మెరుగో అంచనా వేసే మోడల్‌కి శిక్షణ ఇచ్చారు. 9 జవాబులంటే 36 జతలు. ఆ జతలన్నింటినీ కలగలిపి ఒకే కుప్పగా పోసి శిక్షణ ఇస్తే, డేటాని ఒక్కసారి చదవడానికే మోడల్ ఓవర్‌ఫిట్ అయింది (ఆ డేటాకే అతిగా అతుక్కుపోయింది), ఎందుకంటే ఒకే ప్రశ్నలోని జతలు ఒకదానితో ఒకటి గట్టిగా ముడిపడి ఉన్నాయి. దానికి వాళ్లు చేసింది, ఒక ప్రశ్నకి చెందిన జతలన్నింటినీ విడదీయకుండా ఒకే ముక్కగా ఇవ్వడం. సర్వేలు చేసేవాళ్లకీ ఇదే మాట వర్తిస్తుంది, మనిషిని ముక్కలు చేయకూడదు. బూట్‌స్ట్రాప్ (ఉన్న డేటాలోంచే మళ్లీ మళ్లీ నమూనాలు తీసి లెక్క ఎంత ఊగుతుందో చూడటం) చేస్తే జతల్ని కాకుండా మనుషుల్ని తిరిగి ఎంపిక చేయాలి, లేదా మనిషి ఐడీ మీద క్లస్టర్ చేసిన, అంటే ఒక మనిషి జతలన్నీ ఒకే గుంపుగా చూసిన ప్రామాణిక దోషాలు తీసుకోవాలి. ఇందుకోసం జతల ఫైలులో మనిషి ఐడీ ఉండాలి, అన్నీ కూడేసిన మాత్రికలో అది ఉండదు.

మొత్తానికి జతలే వద్దు, ర్యాంకుల మీదే నేరుగా మోడల్ నడుపుదాం అంటే ప్లాకెట్–లూస్ ఉంది. లూస్ 1959లో ఎంపికల గురించి చెప్పినదాన్ని ప్లాకెట్ 1975లో వరుసలకి విస్తరించాడు: నాలుగింటిలో ఒకటి ఎంచుకున్నాం, మిగిలిన మూడింటిలో ఇంకొకటి, తర్వాత రెండింటిలో ఒకటి. ఆరు జతల బదులు మూడు ఎంపికలు, ఇది నిజాయితీగల లెక్క. స్టాటాలో దీన్నే ర్యాంక్‌ ఆర్డర్డ్ లాజిట్ అంటారు. మంచి వార్త ఏమిటంటే, డేటా నిజంగా ఈ మోడల్ ప్రకారం పుడితే, పూర్తి ర్యాంకుల నుంచి అన్ని జతలూ తీసి బ్రాడ్లీ–టెర్రీ నడిపినా బలాల అంచనాలు సరైన దిశకే చేరతాయి, ఎందుకంటే ఈ మోడల్‌లో ఏ రెండింటిని తీసుకున్నా వాటి మధ్య గెలుపు అవకాశం బ్రాడ్లీ–టెర్రీ సూత్రమే. చెడిపోయేది ప్రామాణిక దోషాలు. కానీ "మళ్లీ మళ్లీ అదే సమాచారం ఎందుకు" అని పక్కపక్క ర్యాంకుల జతలు మాత్రమే తీసుకుంటే అంచనాలే తప్పుతాయి. చూడటానికి ఇది తెలివైన పొదుపులా ఉంటుంది, పైగా స్వతంత్రత సమస్య తీరినట్టు అనిపిస్తుంది. అయితే ఏ రెండు వస్తువులు పక్కపక్కన పడ్డాయన్నది ఫలితాన్ని బట్టే తేలుతుంది, అంటే ఫలితం చూసి పోటీలు ఎంచుకున్నట్టు. అజారీ సౌఫియానీ, ఆయన సహ పరిశోధకులు 2013లో ఈ సంగతి గణితంగా నిరూపించారు. మొదటి మూడు ర్యాంకులే అడిగే సర్వేల్లో ఆ మూడింటి మధ్య జతలు మాత్రమే తీసుకోవడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. పైన ఉన్న మూడూ కింద మిగిలినవాటిని ఓడించాయన్న సమాచారం కూడా మాత్రికలో చేరాలి.

మాత్రికగా మార్చాక పోయేది కూడా ఉంది, తిరిగి రానిది. ఇద్దరు మనుషులు, మూడు వస్తువులు. ఒకరు 1–2–3 అని, ఇంకొకరు 3–2–1 అని పేర్చితే ప్రతి జతా 1–1. ఇంకో ఇద్దరు 2–1–3 అని, 3–1–2 అని పేర్చినా ప్రతి జతా 1–1. మాత్రికలు అచ్చంగా ఒకటే. కానీ మొదటి జంటలో రెండో వస్తువు ఇద్దరికీ మధ్యస్థం, రెండో జంటలో అదే వస్తువు ఒకరికి అన్నిటికంటే ఇష్టం, ఒకరికి అన్నిటికంటే అయిష్టం. కొత్త రకం విత్తనం అమ్మాలా వద్దా అని ఆలోచించేవాళ్లకి ఈ తేడా చాలా పెద్దది, మాత్రికలో అది లేదు. అసలు ర్యాంకుల ఫైలుని పక్కన పడేయకుండా మాత్రికతో పాటే ఉంచాలి అనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ఇక్కడే ఒక పేరు గందరగోళం కూడా చెప్పాలి. జతల పోలిక మాత్రిక అని సాఫ్ట్‌వేర్‌లో వెతికితే ముందుగా కనిపించేది చాలాసార్లు నిర్ణయాలు తీసుకోవడానికి థామస్ సాటీ ఇచ్చిన ఏహెచ్‌పీ పద్ధతి. అందులో ఒక మనిషి "ఇది దానికంటే ఎన్ని రెట్లు ముఖ్యం" అని 1 నుంచి 9 స్కేలు మీద చెబుతాడు, ఎదురు గడిలో దాని విలోమం ఉంటుంది. గెలుపుల లెక్క అది కాదు. 4–1 ఓట్లని "నాలుగు రెట్లు ముఖ్యం" అని ఆ సాఫ్ట్‌వేర్‌లో పోస్తే ఏదో ఒక ఫలితం వస్తుంది గానీ, ఎంతమందికి నచ్చిందన్నదాన్ని ఎంత నచ్చిందన్నదిగా మార్చేసినట్టు అవుతుంది. ఐదుగురూ ఒకే మాట అంటే గడిలో 5–0 వస్తుంది, అప్పుడు ఆ నిష్పత్తే ఉండదు.

ఆ సున్నా గడులు బ్రాడ్లీ–టెర్రీనీ ఇబ్బంది పెడతాయి. ఒక వస్తువు ఒక్కసారి కూడా ఓడకపోతే దాని బలం అనంతానికి పరిగెడుతుంది, సాఫ్ట్‌వేర్ ఏదో పెద్ద అంకె దగ్గర ఆగి, దానికంటే పెద్ద ప్రామాణిక దోషాన్ని పక్కన రాసి ఇస్తుంది. ఫోర్డ్ 1957లో చెప్పిన షరతు ఇది: వస్తువుల్ని ఎలా రెండు గుంపులుగా విడదీసినా, ప్రతి గుంపులోని ఏదో ఒకటి అవతలి గుంపులో దేన్నో ఒకదాన్ని కనీసం ఒక్కసారి ఓడించి ఉండాలి. మామిడి పట్టికలో సువర్ణరేఖ అడ్డువరుసలో ఉన్న ఒకట్లన్నీ ఐదో మనిషి ఒక్కడి వల్లే వచ్చాయి. అతన్ని తీసేస్తే సువర్ణరేఖకి ఒక్క గెలుపూ ఉండదు, మోడల్ కూలిపోతుంది. మనుషుల్ని తిరిగి ఎంపిక చేసే బూట్‌స్ట్రాప్‌లో కొన్ని నమూనాల్లో అతను రానే రాడు కాబట్టి చిన్న డేటాలో ఇది ఊహకందే విషయం కూడా. ప్లాకెట్‌లూస్ ప్యాకేజీ దీనికి ఒక ఉపాయం చేస్తుంది: లేని వస్తువు ఒకదాన్ని కల్పించి, ప్రతి వస్తువూ దాన్ని ఒకసారి గెలిచినట్టు, ఒకసారి ఓడినట్టు కొద్ది బరువుతో కలుపుతుంది. డిఫాల్ట్‌గా ఆ బరువు 0.5. పెద్ద డేటాలో అది కనిపించను కూడా కనిపించదు, పదిమంది డేటాలో మాత్రం అంచనాల్ని మధ్యకి లాగుతుంది. ఆ బరువుని సున్నా చేసి మళ్లీ నడిపితే, పోలికల వల పూర్తిగా కలిసి ఉన్నచోట (అంటే ఫోర్డ్ షరతు తీరినచోట) అంకెలు కొద్దిగా జరుగుతాయి, కలిసి లేనిచోట ప్యాకేజీ అంచనాలు ఇవ్వకుండా ఆగిపోతుంది, ఆ ఆగిపోవడమే మాత్రికలో ఎక్కడ పోలికలు చాలలేదో చెబుతుంది.